మీకు తెలుసా? నర్సులకంటే ముందే వచ్చిన వైరస్

వైరస్ జన్యుక్రమం చదివితే అది ఎవరి నుంచి ఎవరికి సోకి ఉండొచ్చో తెలియడమే కాదు, ఒకచోట ఎప్పటినుంచి తిష్ఠ వేసిందో కూడా లెక్క తేలుతుంది. లిబియాలో ఆరుగురిని మరణశిక్ష దాకా తీసుకెళ్లిన కేసులో ఈ లెక్కే వాళ్ల పక్షాన నిలబడింది.

బెంఘాజీలోని అల్-ఫతే పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా చిన్నారులకు హెచ్ఐవీ సోకింది. కావాలనే ఎక్కించారంటూ అయిదుగురు బల్గేరియా నర్సులనీ, ఒక పాలస్తీనా వైద్యుణ్నీ 1999లో నిర్బంధించారు. 2004లో మరణశిక్ష పడింది. పై కోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ విచారణ జరపమంది. ఆ రెండో తీర్పుకు కొద్దిరోజుల ముందు, 2006 డిసెంబరులో, ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది.

హెచ్ఐవీ తన నకళ్లు తీసుకునేటప్పుడు పదే పదే తప్పులు చేస్తుంది. ఆ తప్పులు ఏడాదికి ఎంత వేగంతో పోగుపడతాయో శాస్త్రవేత్తలకు ఇంచుమించు తెలుసు. యూరప్‌లో చికిత్స పొందుతున్న బెంఘాజీ పిల్లల వైరస్‌లను పక్కపక్కన పెట్టి, తేడాలు లెక్కగట్టి, వాటన్నిటికీ మూలమైన వైరస్ ఏ కాలం నాటిదో అంచనా వేశారు. విదేశీ సిబ్బంది ఆ ఆసుపత్రికి వచ్చింది 1998 మార్చిలో. వైరస్ అప్పటికే అక్కడ పాకుతోందని తేలింది! పిల్లల్లో చాలామందికి హెపటైటిస్-సి కూడా ఉంది, అదీ పాతదే. అంటే ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు, ఆసుపత్రిలో ఎన్నాళ్లుగానో సాగుతున్న అశ్రద్ధ. ఆ పసివాళ్లకు జరిగిన అన్యాయానికి అసలు కారణం అక్కడ వెతకాల్సింది.

కోర్టు వినలేదు. డిసెంబరు 19న మళ్లీ మరణశిక్షే వేసింది. 2007 జులైలో శిక్షను యావజ్జీవంగా మార్చి, దౌత్య చర్చల తర్వాత ఆరుగురినీ బల్గేరియాకు పంపారు. ఎనిమిదేళ్లకు పైగా వాళ్లు నిర్బంధంలోనే గడిపారు.

నేరం రుజువు చేయడానికీ ఈ పద్ధతి అక్కరకొచ్చింది. అమెరికాలోని లూసియానాలో ఒక వైద్యుడు 1994లో తన మాజీ ప్రియురాలికి విటమిన్ ఇంజెక్షన్ అని చెప్పి, హెచ్ఐవీ రోగి రక్తం ఎక్కించాడన్నది అభియోగం. ఆమె ఒంట్లోని వైరస్‌లు ఆ రోగి వైరస్‌ల వంశవృక్షంలో ఒక కొమ్మగా ఒదిగిపోయాయి. అమెరికా క్రిమినల్ కోర్టు ఇలాంటి సాక్ష్యాన్ని అంగీకరించడం అదే మొదలు.

అయితే రెండు వైరస్‌లు దగ్గరి చుట్టాలని తేలినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. మధ్యలో మూడో మనిషి ఉండొచ్చు, ఇద్దరికీ ఒకే చోటి నుంచి సోకి ఉండొచ్చు. అందరి వైరస్‌లూ పరీక్షకు దొరకవు. సూది ఎవరి చేతిలో ఉందో జన్యుక్రమం చెప్పదు. 1998లో ఆ వైద్యుణ్ని దోషిగా తేల్చడానికి, ఆ రోగి రక్తం తీసినట్టు అతని క్లినిక్ నోటుబుక్కులో దొరికిన రాతలు కూడా కావలసి వచ్చాయి.