చెవుల్లో గుయ్‌మంటోందా?

గోవాలో 2007లో మొదలైన సన్‌బర్న్ వంటి సంగీతోత్సవాలకు మన కుర్రకారూ వెళ్తున్నారు. అంత దూరం దేనికి, పెళ్లి ఊరేగింపుల్లోనూ డీజే మోతే! తిరిగొచ్చిన పిల్లలు "చెవుల్లో గుయ్‌మంటోంది" అంటే పెద్దవాళ్లు "పడుకుంటే తగ్గుతుందిలే" అంటారు. చాలాసార్లు తగ్గుతుంది కూడా. అయినా చెవి దెబ్బతిన్నదనడానికి అదే గుర్తు.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటుంది. అందులోని రోమకణాలు సుమారు 15 వేలు. శబ్దాన్ని మెదడుకు అందేలా చేసేవి ఇవే. పెద్ద మోతకు ఇవి వాడిపోతాయి, మరీ ఎక్కువైతే చచ్చిపోతాయి. పాలపన్ను ఊడితే మరొకటి వస్తుంది గాని, చచ్చిన రోమకణం తిరిగి పుట్టదు.

85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు తట్టుకోగల చెవికి, 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే గడువు. వినోద స్థలాల్లో సగటు మోత 100 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. స్పీకరు ముందే గంతులేసేవారికి ఈ లెక్క ఎక్కడ గుర్తుంటుంది?

స్పీకర్లకు వీలైనంత దూరంగా నిలబడండి. మధ్యమధ్య బయటికొచ్చి చెవులకు విశ్రాంతినివ్వండి. మందుల షాపుల్లో దొరికే ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. దూది కుక్కుకుంటే ఒరిగేది స్వల్పమే. చంటిపిల్లలను అక్కడికి అసలు తీసుకెళ్లవద్దు.

మర్నాటికీ హోరు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఒక చెవి హఠాత్తుగా వినిపించడం మానేస్తే ఆ రోజే వెళ్లాలి. ఆలస్యమైనకొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది. ఈలోగా చెవిలో వేడినూనె మాత్రం పోయకండి.