కొమ్ము పురుగు

కొమ్ము పురుగు కొబ్బరి, ఈత, తాటి, ఖర్జూరం వంటి తాళజాతి వృక్షాలను ఆశించే ఒక పెద్ద పెంకు పురుగు. దీని శాస్త్రీయ నామం ఒరిక్టిస్ రైనోసెరాస్. ఇది కోలియాప్టెరా క్రమంలో స్కారబెయిడే కుటుంబానికి, అందులో డైనాస్టినే ఉపకుటుంబానికి చెందినది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలు దీని స్వస్థలం. ఆంధ్ర ప్రదేశ్‌లో కోస్తా జిల్లాల కొబ్బరి తోటలలో ఇది ముఖ్యమైన చీడ. కొబ్బరిని టెంకాయ అని పిలిచే చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో తోటలు తక్కువ. అక్కడ బావి గట్టున, చెరువు క్రింది పొలాల అంచున, పెరటిలో నాలుగైదు చెట్లు పెంచుకునేవారే ఎక్కువ. అటువంటి ఇంటికి ఒక్క చెట్టు చనిపోయినా పెద్ద నష్టమే. అదే ఇంటి పశువుల పాక వెనుక ఉండే ఎరువు దిబ్బ ఈ పురుగుకు పుట్టినిల్లు కావడం విశేషం.

పేరు

తలపై ఖడ్గమృగానికి ఉన్నట్లు వెనుకకు వంగిన ఒకే కొమ్ము ఉండడం వలన దీనికి ఈ పేరు వచ్చింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ దీనిని స్కారబేయస్ రైనోసెరాస్ అనే పేరుతో వర్ణించాడు. తరువాత దీనిని ఒరిక్టిస్ ప్రజాతిలో చేర్చారు. గ్రీకు భాషలో ఒరిక్టిస్ అంటే త్రవ్వేది అని అర్థం. ఈ రెండు పేర్లలో పురుగు స్వభావాన్ని బాగా తెలిపేది త్రవ్వేది అనే పేరే. కొమ్ము భయపెట్టేలా ఉన్నా చెట్టును కొరికేది కొమ్ము కాదు.

కొమ్ములున్న పెంకు పురుగులన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. జింక కొమ్ముల పురుగులుగా ప్రసిద్ధి చెందినవి లుకానిడే అనే వేరే కుటుంబానికి చెందుతాయి. వాటిలో కొమ్ములవలె కనిపించేవి నిజానికి విపరీతంగా పెరిగిన దవడలు. అవి రెండు ఉంటాయి, కదులుతాయి, పట్టుకుంటాయి. కొమ్ము పురుగు తలమీద ఉన్నది తల పెంకు పైకి పెరిగిన భాగం మాత్రమే. దానికి కీలు లేదు, కనుక తలతో పాటే కదులుతుంది. దవడలు దాని క్రింద వేరుగా, పొట్టిగా, బలంగా ఉంటాయి. జింక కొమ్ముల పురుగుల డింభకాలు సాధారణంగా అడవులలో పుచ్చిన కలపలో పెరుగుతాయి. కొమ్ము పురుగు పిల్లలు పుచ్చిన కలపలోను, పేడ దిబ్బలలోను కూడా పెరగగలవు. ఈ రెండవ అలవాటు వల్లనే ఇది మనుషుల ఇళ్ళకు దగ్గరయింది.

శరీర నిర్మాణం

ప్రౌఢ పురుగు సాధారణంగా 3 నుండి 5 సెంటీమీటర్ల పొడవు, సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. రంగు ముదురు గోధుమ నుండి నలుపు. పై భాగం నున్నగా మెరుస్తుంది. క్రింది భాగం మీద, కాళ్ళ మీద ఎర్రని గోధుమ రంగు రోమాలు ఉంటాయి. అన్ని కీటకాల వలెనే శరీరంలో తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాలు ఉంటాయి.

తలకు ఇరువైపులా సంయుక్త నేత్రాలు, వాటి ముందు పది ఖండాలు గల స్పర్శశృంగాలు ఉంటాయి. స్పర్శశృంగపు చివరి మూడు ఖండాలు పుస్తకంలోని పుటలవలె విచ్చుకునే రేకులు. వాసనను పసిగట్టే సూక్ష్మాంగాలు వీటిమీదనే ఉంటాయి. వక్షపు మొదటి ఖండం పైన డాలు వంటి పెంకు ఉంటుంది. దాని ముందు భాగం గుంటగా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. గుంట వెనుక అంచున రెండు చిన్న బుడిపెలు ఉంటాయి.

ముందు కాళ్ళ జంఘికలు వెడల్పుగా, బయటి అంచున గట్టి పళ్ళతో పార వలె ఉంటాయి. పురుగు చెట్టు మొవ్వులోకి దిగేటప్పుడు దవడలతో కొరుకుతూ, ఈ కాళ్ళతో త్రోసుకుంటూ పోతుంది. ఇరుకైన సొరంగంలో శరీరాన్ని నిలదొక్కుకోవడానికి, ఆహారం వద్ద ఎదురుపడిన మరొక పురుగును నెట్టడానికి కొమ్ము ఉపకరిస్తుంది. ఈ పురుగు చెట్టు పీచును తినదు. లేత కణజాలాన్ని నమిలి రసం పీల్చుకొని, మిగిలిన పిప్పిని బయటికి నెడుతుంది. చెరకు నమిలి పిప్పి ఊసినట్లే.

వీపును కప్పిన రెండు గట్టి పెంకులు ముందు రెక్కలు. వీటి మీద వరుసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఎగరడానికి పనికివచ్చే పలుచని వెనుక రెక్కలు వీటి క్రింద మడతపడి ఉంటాయి. పురుగును చేతిలోకి తీసుకుంటే కీచుమనే శబ్దం చేస్తుంది. ఇది నోటినుండి వచ్చే శబ్దం కాదు, ఉదరం చివరి భాగం రెక్కల పెంకులకు రాసుకోవడం వలన పుడుతుంది. ఈ పురుగు కుట్టదు, దీనికి విషం లేదు. కాళ్ళ ముళ్ళు మాత్రం చర్మానికి గట్టిగా పట్టుకుంటాయి.

పరిమాణంలో, కొమ్ములో తేడాలు

ఒకే దిబ్బనుండి తీసిన పురుగులను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఇవన్నీ ఒకే జాతివా అనే అనుమానం కలుగుతుంది. ఒకదాని కొమ్ము పొడవుగా వెనుకకు వంగి ఉంటే, మరొకదానికి చిన్న బుడిపె మాత్రమే ఉంటుంది. ప్రౌఢ దశకు చేరిన పురుగు ఇక పెరగదు. కనుక చిన్న కొమ్ము ఉన్నది పిల్ల పురుగు అనుకోవడం సరికాదు. దాని పరిమాణమంతా డింభక దశలో తిన్న తిండిని బట్టి నిర్ణయమవుతుంది. మంచి ఎరువులో పెరిగినది పెద్దదవుతుంది. ఎండిపోయిన దిబ్బలో, ఇరుకులో పెరిగినది చిన్నదిగానే మిగులుతుంది.

ఈ ఉపకుటుంబంలోని పురుగులలో శరీరం కంటే కొమ్ము పోషణకు ఎక్కువగా స్పందిస్తుంది. జపాన్‌లో కనిపించే ట్రైపోక్సిలస్ డైకోటోమస్ అనే బంధుజాతిపై జరిపిన పరిశోధన 2012లో ప్రచురితమైంది. ఇన్సులిన్ వంటి హార్మోనుల సంకేతాలకు కొమ్ము కణాలు మిగతా అవయవాల కంటే ఎక్కువగా స్పందించడమే ఇందుకు కారణమని అందులో తేలింది. తిండి కొంచెం తగ్గితే కాళ్ళు కొంచెమే తగ్గుతాయి, కొమ్ము చాలా తగ్గుతుంది.

ఆడ, మగ పురుగులు రెండింటికీ కొమ్ము ఉంటుంది. సగటున మగ దాని కొమ్ము పొడవు. కాని బాగా ఎదిగిన ఆడ పురుగు కొమ్ము, చిన్న మగ పురుగు కొమ్ము కంటే పెద్దదిగా ఉండవచ్చు. అందువలన కొమ్మును చూసి లింగ నిర్ణయం చేయడం సురక్షితం కాదు. పురుగును వెల్లకిలా త్రిప్పి ఉదరం చివర చూడాలి. ఆడ పురుగుకు అక్కడ ఎర్రని రోమాలు దట్టమైన కుచ్చుగా ఉంటాయి, మగ పురుగుకు ఆ భాగం దాదాపు నున్నగా ఉంటుంది.

జీవిత చక్రం

ఆడ పురుగు కుళ్ళుతున్న సేంద్రియ పదార్థంలో కొన్ని అంగుళాల లోతుకు దిగి తెల్లని గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. గ్రుడ్డు పరిమాణం 3 నుండి 4 మిల్లీమీటర్లు. సుమారు 8 నుండి 12 రోజులలో పిల్ల వస్తుంది. డింభకం రెండు సార్లు కుబుసం విడిచి మూడు దశలు దాటుతుంది. పూర్తిగా ఎదిగినది 6 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉండి, కొడవలి వలె వంగి, బొటనవ్రేలి కంటే లావుగా ఉంటుంది. తల గోధుమ రంగు, శరీరం పాల తెలుపు. వెనుక భాగం మాత్రం బూడిద రంగులో కనిపిస్తుంది. లోపలి ప్రేగులో నిండిన ఎరువు పలుచని చర్మం గుండా కనిపించడమే ఇందుకు కారణం. ఆ ప్రేగులోని సూక్ష్మజీవులే పీచు పదార్థాన్ని జీర్ణం చేస్తాయి.

డింభక దశ తిండిని, తేమను బట్టి సుమారు 3 నుండి 6 నెలలు సాగుతుంది. ఆ తరువాత అది మట్టి, ఎరువు కలిపి గూడు కట్టుకొని, అందులో ప్యూపాగా మారుతుంది. ఈ మార్పుకు ఇంచుమించు ఒక నెల పడుతుంది. ప్యూపా తలపైనే కొమ్ము ఆకారం కనిపిస్తుంది. బయటపడిన ప్రౌఢ పురుగు మొదట ఎర్రగా, మెత్తగా ఉంటుంది. పెంకు గట్టిపడి నల్లబడే వరకు రెండు మూడు వారాలు గూటిలోనే ఉండిపోతుంది. ఆ తరువాత కొన్ని నెలలు జీవిస్తుంది.

ఆవాసం

ప్రౌఢ పురుగు నిశాచరి. పగలు చెట్టు మొవ్వులోనో, ఎరువులోనో దాగి ఉంటుంది. తొలకరి వానల తరువాత దీపాల చుట్టూ తిరుగుతూ గోడలకు తగిలి క్రింద పడడం ఈ ప్రాంతంలో సామాన్యంగా కనిపించే దృశ్యం. ఒకసారి మొవ్వులోకి దిగితే కొన్ని రోజులు అక్కడే తిని, గ్రుడ్లు పెట్టడానికి తిరిగి దిబ్బకు వస్తుంది. అంటే దీనికి రెండు ఇళ్ళు. తినేది చెట్టు మీద, పిల్లలను పెట్టేది నేల మీద.

చిత్తూరు జిల్లాలోను, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోను ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. పాడి పశువుల పెంపకం ఎక్కువ కాబట్టి పేడ దిబ్బలకు కొదువ లేదు. చెరకు పండించే చోట కుళ్ళిన ఆకు, పిప్పి కుప్పలు తోడవుతాయి. వంకల ఒడ్డున, చెరువు కట్టల మీద పెరిగే ఈత చెట్లు టెంకాయ లేని చోట కూడా పురుగుకు తిండి పెడతాయి. వీటన్నింటికంటే అనుకూలమైనది చచ్చి నిలిచిన టెంకాయ లేదా ఈత మాను. పైన ఎండినట్లున్నా లోపల మెత్తగా, తేమగా ఉండి ఎన్నో డింభకాలను పోషిస్తుంది. పురుగు వల్ల చచ్చిన చెట్టును నరకకుండా వదిలేస్తే మరుసటి తరం అందులోనే పుడుతుంది.

చెట్టుకు జరిగే హాని

కొబ్బరి చెట్టుకు పెరుగుదల స్థానం మొవ్వు ఒక్కటే. మామిడి వలె ప్రక్క కొమ్మలు వేయలేదు. పురుగు తొలిచిన సొరంగం మొవ్వు మొదలును తాకితే చెట్టు చనిపోతుంది. లేత మొక్కలలో ఇది ఎక్కువగా జరుగుతుంది. పెద్ద చెట్లలో సాధారణంగా విచ్చుకోని ఆకులు మాత్రమే తెగుతాయి. మడిచిన కాగితం మూల కత్తిరించి విప్పితే రెండు వైపులా ఒకే రకమైన ఖాళీలు ఏర్పడతాయి. అదే విధంగా, ముడుచుకొని ఉన్న మట్టలో పురుగు చేసిన ఒక్క రంధ్రం, మట్ట విచ్చుకున్నాక ఈనెకు ఇరువైపులా కత్తెరతో కోసినట్లు త్రికోణాకారపు ఖాళీలుగా కనిపిస్తుంది. కొబ్బరి చెట్టు నెలకు సుమారు ఒక కొత్త మట్ట వేస్తుంది కనుక, తెగిన మట్ట కనిపించేసరికి దాడి జరిగి చాలా రోజులై ఉంటుంది. అప్పుడు ఆ చెట్టుపై మందు చల్లడం వలన ఉపయోగం తక్కువ. మొవ్వు వద్ద తాజాగా నమిలిన పీచు కనిపిస్తేనే పురుగు లోపల ఉన్నట్లు.

పూగుత్తి తెగితే ఆ గెల కాయలు పోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం గాయం ద్వారా వస్తుంది. ఎర్రముక్కు పురుగు తాజా గాయాల వాసనకు వచ్చి అక్కడ గ్రుడ్లు పెడుతుంది. దాని డింభకాలు మాను లోపలే పెరిగి చెట్టును గుల్ల చేస్తాయి. కొమ్ము పురుగు దెబ్బకు తట్టుకున్న చెట్టు కూడా ఈ రెండవ పురుగుకు తట్టుకోవడం అరుదు.

వేరు పురుగుతో పొరపాటు

దిబ్బ త్రవ్వినప్పుడు కనిపించే తెల్లని పురుగులన్నింటినీ వేరుశనగ పంటను నాశనం చేసే వేరు పురుగులుగా భావించడం రాయలసీమలో సాధారణం. వేరు పురుగులు హోలోట్రైకియా ప్రజాతికి చెందినవి. అవి పొలం మట్టిలో ఉండి సజీవమైన వేళ్ళను తింటాయి. కొమ్ము పురుగు డింభకం కుళ్ళిన పదార్థాన్నే తింటుంది, ఎరువుతో పాటు పొలంలో పడినా వేరుశనగ వేళ్ళ జోలికి పోదు. పరిమాణంలో కూడా ఇది వేరు పురుగుకు రెట్టింపు పైగా ఉంటుంది. భూతద్దం ఉంటే ఉదరం చివర క్రింది వైపు చూడవచ్చు. వేరు పురుగుకు అక్కడ రెండు వరుసల ముళ్ళు ఉంటాయి, కొమ్ము పురుగుకు అటువంటి వరుసలు ఉండవు. ఇక నేల మీద వదిలితే వెల్లకిలా పడి వీపుతో పాకే తెల్లని డింభకాలు మరొక రకం. అవి పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు. ఎరువును పొడి చేయడంలో సహాయపడతాయి కనుక వాటిని చంపనవసరం లేదు.

నివారణ

చెట్టెక్కి చేసే పనులకంటే దిబ్బ వద్ద చేసే పని ఫలితమిస్తుంది. దిబ్బను సంవత్సరానికి ఒక్కసారే, దుక్కులకు ముందు ఎత్తితే, ఆ లోపల ఒక తరం సులభంగా పూర్తవుతుంది. రెండు మూడు నెలలకొకసారి తిరగవేసి డింభకాలను ఏరివేస్తే ప్యూపా దశకు చేరవు. కోళ్ళు ఉన్న ఇంట్లో ఏరే పని సగం తగ్గుతుంది. మెటారైజియం అనే శిలీంధ్రాన్ని దిబ్బలో కలిపితే అది డింభకాల శరీరంపై మొలిచి వాటిని చంపుతుంది. చచ్చిన డింభకంపై ముదురు ఆకుపచ్చని బూజు కనిపిస్తుంది. ఇది ఎండిన దిబ్బలో పనిచేయదు, తేమ అవసరం. ఆముదం పిండిని నీటిలో నానబెట్టి కుండలలో ఉంచితే ఆ వాసనకు ప్రౌఢ పురుగులు వచ్చి పడతాయి.

చెట్టు వద్ద సుమారు పావు కిలో వేపపిండిని అంతే పరిమాణం గల ఇసుకతో కలిపి మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్ళలో వేస్తారు. లేత మొక్కలకు మూడు నాలుగు కలరా ఉండలు మట్టల సందులలో పెట్టి ఇసుకతో కప్పుతారు. రంధ్రంలో ఉన్న పురుగును కొక్కెం గల ఇనుప చువ్వతో బయటికి లాగడం పాత పద్ధతి. నాలుగు చెట్లున్న ఇంటికి ఇప్పటికీ అదే చవకైనది, కాని గాయాన్ని పెద్దది చేయకుండా లాగే నేర్పు కావాలి. మగ పురుగు విడుదల చేసే ఆకర్షక రసాయనాన్ని 1995లో గుర్తించారు. దానితో తయారు చేసిన ఎరబుట్టలు ఆడ, మగ పురుగులను రెండింటినీ రప్పిస్తాయి. బుట్టను లేత మొక్కల ప్రక్కన కడితే వచ్చిన పురుగులు కొన్ని ఆ మొక్కల మీదనే వాలతాయి కనుక దూరంగా కట్టాలి. కేరళలోని కాసరగోడ్‌లో ఉన్న కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థ, కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం కొబ్బరి పంటపై పరిశోధనలు చేస్తున్నాయి.

ఇతర దేశాలకు వ్యాప్తి

1909 ప్రాంతంలో శ్రీలంక నుండి వెళ్ళిన రబ్బరు మొక్కలతో పాటు ఈ పురుగు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులకు చేరింది. అక్కడ సహజ శత్రువులు లేకపోవడంతో కొబ్బరి తోటలను విపరీతంగా నాశనం చేసింది. 1963లో మలేషియాలో జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్ ఈ పురుగుకు సోకే ఒక వైరస్‌ను కనుగొన్నాడు. వైరస్ సోకిన ప్రౌఢ పురుగు వెంటనే చావదు. ఎగురుతూ, దిబ్బలకు వెళుతూ, మలం ద్వారా ఇతర పురుగులకు దానిని అంటిస్తుంది. 1967లో సమోవాలో ఈ వైరస్‌ను విడుదల చేయగా పురుగుల సంఖ్య బాగా తగ్గింది. భారతదేశంలో లక్షదీవులలోని మినికాయ్ దీవిలో 1980 దశకంలో ఇదే పద్ధతిని అనుసరించారు.

2007లో గువామ్ దీవిలో బయటపడిన పురుగులపై ఈ వైరస్ పనిచేయలేదు. జన్యుపరంగా అవి భిన్నమైన రకమని తరువాత తెలిసింది. ఆ రకం 2013లో హవాయి దీవులలో, తరువాత సోలొమన్ దీవులలో కూడా కనిపించింది. గువామ్ రకంపై పనిచేసే వైరస్ రకం కోసం అన్వేషణ సాగుతూనే ఉంది. దిబ్బలను, పడిపోయిన మానులను తొలగించడం మాత్రం అన్ని చోట్లా మొదటి పనిగానే ఉన్నది.