మీ చెరువుకో బొమ్మల కరపత్రం

మీ ఊరి చెరువులో గాలం ఎక్కడ వేస్తే ఏ చేప పడుతుందో మీకు తెలుసా? తెలిస్తే, నలుగురికీ పనికొచ్చేలా ఒక బొమ్మల కరపత్రం తయారు చేయండి.

ముందు పెద్దవారిని తోడు తీసుకొని గట్టు వెంట నడవండి. తూము, అలుగు, తామర, నాచు ఎక్కడున్నాయో చూసి చెరువు పటం గీయండి.

తరువాత చేపల బొమ్మలు. చేప నోటిని శ్రద్ధగా గమనించి గీయండి. ఎందుకంటారా? అది ఎక్కడ మేస్తుందో నోరే చెబుతుంది! బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగంలో మేస్తుంది. శీలావతి నడిమి నీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది. దాని మేత అడుగున. మేతకు పోటీ తక్కువ కనుకనే ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచుతారు. ప్రతి బొమ్మ పక్కనా, బెండు కింద దారం ఎంత పొడవుండాలో గీసి చూపండి.

కొర్రమీను సంగతి వేరు. అది నాచు మధ్య ఉంటూ, గాలి పీల్చడానికి పైకి వస్తుంది. వానాకాలంలో నీటిపై ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే, దగ్గరలోనే పెద్ద చేపలు కాపలా కాస్తుంటాయి. అప్పుడు వాటిని పట్టడం తేలికే. కాని పడితే, పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. కాబట్టి అలాంటి చోట్లకు ఎర్ర రంగు వేసి, ‘వానాకాలంలో ఇక్కడ వద్దు’ అని రాయండి.

ఎక్కడ పట్టాలో చెప్పడమే కాదు, ఎక్కడ పట్టకూడదో చెప్పేదే మంచి కరపత్రం. వచ్చే ఏడూ చెరువులో చేపలుండాలి కదా!