పూర్తి చుట్టు: పావు, పరక, వీసము

ఒక కాగితముపై రెండు సమాన కోణములు గీచి, ఒకదాని గీతలను పొడుగుగాను, రెండవదాని గీతలను పొట్టిగాను ఉంచి, ఏది పెద్దదని అడిగినచో, పలువురు పిల్లలు పొడుగు గీతలదే పెద్దదందురు. పెద్దలును తడబడుట మేమెరుగుదుము. కోణమునకు గీతల పొడుగుతో పనిలేదు. ఒక గీతవైపు నుండి రెండవ గీతవైపునకు మరలుటకు ఎంత తిరుగవలెనో అదియే కోణము. పూర్తి చుట్టులో అది ఎన్నవ భాగమో చెప్పిన చాలును.

ఈ భాగములకు మన భాషలో పాత పేర్లే కలవు. అణాల లెక్క 1957లో మారినను పావు, పరక, వీసము అను మాటలు పోలేదు. ఏలూరిలో దక్షిణముగా మొగము పెట్టి నిలువుడు. ఎడమకు పావు చుట్టు, అనగా 90 డిగ్రీలు, తిరిగినచో తూర్పు. అందులో సగము పరక చుట్టు, 45 డిగ్రీలు, అది ఆగ్నేయ మూల. వీసము 22½, అరవీసము 11¼ డిగ్రీలు. ఓడల దిక్సూచిని 32 భాగములు చేయుదురు. ఒక్కొక్క భాగము సరిగా అరవీసమే. ఇక తూర్పు దాటి సుమారు 15 డిగ్రీలు ఎడమకు మరలినచో తాడేపల్లిగూడెము దిక్కు.

ఈ 15 డిగ్రీలు చుట్టులో 24వ వంతు. భూమి గంటకు తిరుగునది ఇంతే. డిగ్రీకి 4 నిమిషములు. మన గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచును. ఏలూరు దానికి పడమరగా సుమారు 81 డిగ్రీల 6 నిమిషముల వద్ద ఉన్నది. కావున రేడియోలో మధ్యాహ్నము 12 గంటలైన పిదప, సగటున 5½ నిమిషములకు గాని ఏలూరిలో సూర్యుడు మధ్యరేఖకు రాడు. తాడేపల్లిగూడెములో దాదాపు 4 నిమిషములకే వచ్చును. ఏడాదిలో సూర్యుడు తానును కొంత ముందువెనుకలగుట కలదు. ఆ లెక్క వేరు.

చిన్న కోణమే గదా యని తీసివేయరాదు. పొగమంచులో ఒడ్డు కానరాని వేళ, కొల్లేటిలో తాటిదోనెపై పోవువాడు అరవీసము పెడగా తిరిగి 5 కిలోమీటర్లు సాగెననుకొందము. చేరవలసిన రేవునకు దాదాపు ఒక కిలోమీటరు ఎడమున, ఏ కిక్కిసగడ్డిలోనో తేలును. ఒక్క డిగ్రీ తప్పినను 87 మీటర్ల ఎడము. కోణము మొదట ఎంతయో చివరకును అంతే. పెరిగినది గీతల పొడుగు, వాని కొనల నడిమి దూరము.

దోనెలో కొలబద్ద ఉండదు. చేయి చాచి పిడికిలి బిగించి, ఒక కన్ను మూసి చూచినచో, పిడికిలి అడ్డము సుమారు 10 డిగ్రీలను కప్పును; అరవీసమునకు ఇంచుక తక్కువ. బాలుని పిడికిలి చిన్నది గదా యని సందేహము కలుగవచ్చును. వాని చేయియు పొట్టిదే. కనుక వానికిని ఇంచుమించు పదియే వచ్చును.