కువైట్ ఎంత దూరం?

మన గోదావరి పల్లెల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళుతున్నారు. రాయవరం నుంచి ఒక అక్క వెళుతోంది అనుకుందాం.

"కువైట్ ఎంత దూరం వదినా?" అని పక్కింటామె అడిగింది.

"ఆయ్, విమానంలో అయిదు గంటలేనంట!"

ఆ మాట నిజమేనా? లెక్క చూద్దాం.

మనకు దగ్గర విమానాశ్రయం రాజమండ్రి పక్కన మధురపూడిలో ఉంది. అక్కడినుంచి హైదరాబాదు గాలిలో సుమారు 360 కిలోమీటర్లు. రైలుకు ఒక రాత్రి పడుతుంది. విమానానికి గంట, గంటంపావు చాలు. దానికి ఏరు అడ్డం రాదు, వంతెన అక్కరలేదు.

హైదరాబాదు నుంచి కువైట్ సుమారు 3,400 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. మరి నాలుగు గంటలు చాలాలి కదా? చాలవు. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. ఆకాశంలో కూడా దారులుంటాయి. ఆ దారినే పోవాలి. పైన గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. కువైట్ మనకు పడమర. పడవ ఏటికి ఎదురు పోయినట్టే. అందుకే దాదాపు అయిదు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది. కొంత సమయం కలిసొస్తుంది.

విమానం లెక్క ఇది. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. హైదరాబాదులో విమానం మారాలి. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి చూస్తే ఒక రోజు పోతుంది.

ఇప్పుడు గడియారం సంగతి. రాత్రి 10 గంటలకు హైదరాబాదులో ఎక్కితే, కువైట్‌లో దిగేసరికి అక్కడి గడియారం 12:30 చూపిస్తుంది. అయిదు గంటల ప్రయాణం రెండున్నర గంటలే అయిందా? కాదు. సూర్యుడు మనకు ముందు పొడుస్తాడు, వాళ్ళకు తరవాత. మన దేశం గడియారాన్ని కాకినాడకు దగ్గరగా పోయే ఒక గీతను బట్టి పెట్టారు. కువైట్ గడియారం దానికంటే రెండున్నర గంటలు వెనక. వాళ్ళకు 12:30 అయితే మనకు తెల్లవారుజామున 3 గంటలు.

టికెట్టు మీద ఏ ఊరి పేరు పక్కన ఆ ఊరి సమయమే వేస్తారు. తేదీ ఇంకా జాగ్రత్తగా చదవాలి. టికెట్టులో "15వ తేదీ, 00:30" అని ఉందనుకోండి. అంటే 14వ తేదీ అర్ధరాత్రి దాటాక అరగంటకు. 14 రాత్రి తొమ్మిదిన్నరకే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి కదా అని తీరిగ్గా వెళితే విమానం ముందు రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. అప్పు చేసి కొన్న టికెట్టు డబ్బు కూడా పోవచ్చు.

అక్క పని ముగించుకుని అక్కడ రాత్రి 9 గంటలకు ఫోను చేస్తే, రాయవరంలో 11:30. పిల్లలు నిద్రపోయి ఉంటారు. మధ్యాహ్నం 3:30కు చేస్తే ఇక్కడ 6 గంటలు. పిల్లలు బడినుంచి ఇంటికొచ్చి ఉంటారు.