కండ్లకలక మందు: పరీక్ష ఎవరి కంటిలో?

వానకాలం రాగానే నా వద్దకు ఎర్రని కండ్లతో వచ్చేవారు ఎక్కువవుతారు. "అయ్యా, నందివర్ధనం పూలరసం పిండవచ్చునా? తల్లిపాలు వేయవచ్చునా?" అన్నదే వారి మొదటి ప్రశ్న.

గురుకులంలో మా గురువుగారికి ఒక నియమం ఉండేది. ఆశ్చ్యోతనం, అనగా కంటిలో చుక్కలుగా వేసే ఔషధం, ఏది సిద్ధం చేసినా ముందు తమ కంటిలోనే వేసుకొనేవారు. మంట పుట్టినదా, నీరు ఎంతసేపు కారినది అని మాచేత వ్రాయించేవారు. నేనూ చాలా ఏండ్లు అదే పద్ధతి అనుసరించాను. కుందేలు ఒక కంటిలో పదార్థం వేసి రెండవ కంటితో పోల్చే పరీక్షను 1944లో అమెరికాలో డ్రెయిజ్ బృందం ప్రకటించిందని చదివినప్పుడు, మా గురువుగారు మూగజీవిని బాధించక తమ కన్నే ఇచ్చారు గదా అని గర్వించాను.

ఆ గర్వం నిలువలేదు. ఒక కోతల కాలంలో, కంట్లో వడ్లపొట్టు పడిన రైతుకు త్రిఫలా కషాయం వడపోసి ఇచ్చాను. ముందుగా నేను వేసుకొని చూచినదే. ఏ బాధా లేదు. అతడు దానిని సీసాలో నిలువ ఉంచి మూడు రోజులు వాడాడు. నాలుగవనాటికి నల్లగుడ్డుపై తెల్లని మచ్చ. ఆసుపత్రిలో బూజు వలన వచ్చిన పుండు అన్నారు. చూపు సగమే దక్కింది. ఆ బూజు పొట్టుతో వచ్చినదో, నా కషాయంతో వచ్చినదో తేలలేదు. తప్పు నాది కాదని మాత్రం నేను అనుకోలేకపోయాను.

మందు మంట పుట్టించకపోవడం వేరు, అందులో క్రిములు లేకపోవడం వేరు. బాగున్న కన్ను ఓర్చినదానిని గాయపడిన కన్ను ఓర్వదు. పైగా కండ్లకలకలో అధికభాగం వైరస్ వలన వచ్చేదే. రెండు మూడు వారాలలో దానంతటదే తగ్గుతుంది. ఆలోగా ఏ ఆకురసం పిండినా గుణమిచ్చినట్లే తోస్తుంది. వాడినవారిని వాడనివారితో పోల్చనిదే నిజం బయటపడదు. 2023లో కర్మాగారంలో తయారైన కంటిచుక్కలే కలుషితమై అమెరికాలో కొందరి చూపు పోయింది. ఇక మన వంటింటి గిన్నె మాటేమిటి?

కనుక ఇంట కాచినదేదీ కంటిలో వేయమని నేనిప్పుడు చెప్పను. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై ఉంచుకొంటే చాలు. కాటుక అసలే వద్దు. దోషం పక్వమైన తరువాతనే అంజనమని అష్టాంగహృదయం కూడా చెప్పింది. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, దెబ్బ తగలడం, వీటిలో ఏది ఉన్నా ఆనాడే నేత్రవైద్యునికి చూపించాలి. దుకాణంలో అడిగి తెచ్చుకొనే స్టిరాయిడ్ చుక్కలు బూజు పుండును మరింత పెంచుతాయి. నెల నిండని పసిబిడ్డ కంట చీము కనబడితే తల్లిపాలు పిండుతూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.