మనిషి పడిపోయినప్పుడు: సొమ్మసిల్లడమా, మూర్ఛా, పక్షవాతమా?

తిరునాళ్ళలోనో, పొలంలోనో, బడిలో ప్రార్థన వేళనో ఒకరు ఉన్నట్టుండి పడిపోతే చుట్టూ చేరినవారు ‘గాలి సోకింది’ అనో, ‘ఫిట్సు వచ్చాయి’ అనో అంటారు. ఒకరు చేతిలో తాళంచెవి పెడతారు, మరొకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. కాని పడిపోవడానికి కారణాలు అనేకం. వాటిలో మూడింటిని గుర్తుపట్టడం ప్రతి కుటుంబానికీ అవసరం. ఎందుకంటే ఒకదానికి పడుకోబెట్టడం చాలు, రెండవదానికి పక్కకు తిప్పి కనిపెట్టుకుని ఉండాలి, మూడవదానికి క్షణం ఆలస్యం చేయరాదు.

మన ఆజ్ఞ అక్కరలేని నాడులు

చేయి ఎత్తాలంటే మనం సంకల్పించాలి. గుండె కొట్టుకోవడానికి, అన్నం అరగడానికి, చెమట పట్టడానికి మన అనుమతి అక్కరలేదు. ఈ పనులను నడిపేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. దీనికి ‘ఆటోనమిక్’ అనే పేరును 1898లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ పెట్టారు.

ఇందులో రెండు ముఖ్య శాఖలున్నాయి. బండి తోలేవారికి ములుగర్ర, పగ్గం రెండూ కావలసినట్లే శరీరానికి ఈ రెండూ కావాలి. సింపథెటిక్ అనే సహానుభూత శాఖ ములుగర్ర వంటిది. పాము కనబడగానే గుండె వేగాన్ని పెంచి, మనల్ని పరుగుకు సిద్ధం చేసేది ఇదే. పారాసింపథెటిక్ అనే సహానుభూత పర శాఖ పగ్గం వంటిది. అది గుండెను నెమ్మదింపజేసి, జీర్ణక్రియను సాగిస్తుంది.

సొమ్మసిల్లడం

మనం లేచి నిలుచున్నప్పుడు సుమారు అర లీటరు నుండి లీటరు వరకు రక్తం శరీరపు కింది భాగానికి దిగుతుంది. వెంటనే సహానుభూత శాఖ రక్తనాళాలను బిగించి మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తుంది. ఎండలో చాలాసేపు నిలబడినా, భయపడినా, నెత్తురు చూసినా కొందరిలో ఈ పట్టు సడలి, పగ్గం ఎక్కువగా బిగుస్తుంది. గుండె నెమ్మదించి, రక్తపోటు పడిపోతుంది. చెమటలు పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి మనిషి కూలిపోతాడు. వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తి ఉంచితే సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో తెలివి వస్తుంది. పూర్తిగా తెలివి రాకముందే నోట్లో నీళ్ళు పోయకూడదు. ఛాతీ నొప్పితో గాని, శ్రమపడుతుండగా గాని పడిపోతే అది గుండె జబ్బు కావచ్చు, వైద్యునికి తప్పక చూపించాలి.

ఏళ్ళ తరబడి చక్కెర వ్యాధి అదుపులో లేనివారిలో ఈ నాడులే దెబ్బతింటాయి. అందువల్ల లేవగానే తల తిరుగుతుంది. అటువంటివారు మంచం మీద కాసేపు కూర్చుని, ఆ తరువాత నిలబడాలి. రక్తపోటు మాత్రలు కూడా కారణం కావచ్చు. వాటిని సొంతంగా మానివేయక వైద్యుని అడగాలి.

మూర్ఛ

మెదడు కణాలలో విద్యుత్ ప్రసారం ఒక్కసారిగా అదుపు తప్పడమే మూర్ఛ. శరీరం బిగుసుకుని, కాళ్ళు చేతులు కొట్టుకుంటాయి, నురగ రావచ్చు. రోగిని పక్కకు తిప్పి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూడాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. అది చాలా మందిలో కొద్ది నిమిషాలలో దానంతట అదే ఆగుతుంది, ఇనుము పట్టుకున్నందువల్ల కాదు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మన దేశంలో మూర్ఛకు ఒక ముఖ్య కారణం పందుల ద్వారా వ్యాపించే బద్దెపురుగు. మనుషుల మలంతో కలుషితమైన నీరు, సరిగా కడగని కూరగాయల ద్వారా దాని గుడ్లు కడుపులోకి చేరి, పిల్లపురుగులు మెదడులో స్థిరపడతాయి. కనుక శాకాహారులకూ ఇది రావచ్చు.

సరైన చికిత్స పొందితే 10 మందిలో 7గురి వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 1999లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి, పెళ్ళికి అడ్డంకుల నుండి మూర్ఛను తొలగించారు. ఆడపిల్లకు మూర్ఛ ఉన్నదని దాచిపెట్టి, పెళ్ళి తరువాత మందులు మాన్పించడం ఆమె ప్రాణానికే ముప్పు.

పక్షవాతం

మెదడు రక్తనాళం మూసుకుపోవడం గాని, చిట్లడం గాని దీనికి కారణం. చాలాసార్లు తెలివి ఉంటుంది. కాని మూతి ఒక పక్కకు వంకర పోతుంది, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోతుంది, మాట తడబడుతుంది. వీటిలో ఒక్కటి కనబడినా చాలు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు. గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ మాత్రమే తేల్చగలదు. కాబట్టి ఇంట్లో ఏ మాత్రా మింగించరాదు. నాటుమందు కోసం వెళ్ళివచ్చేసరికి ఆ గంటలు గడిచిపోతాయి.

మన సరిహద్దు గ్రామాలవారు ఇంకొక సంగతి గమనించాలి. స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రి అవతలి రాష్ట్రంలో ఉంటే అక్కడికే వెళ్ళాలి. 108కు ఫోన్ చేసినప్పుడు ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం స్పష్టంగా చెప్పాలి. పక్షవాతాన్ని కన్నడంలో పార్శ్వవాయు, తమిళంలో పక్కవాదం, మరాఠీలో అర్ధాంగవాయు, ఒడియాలో పక్షాఘాత అంటారు. లక్షణాలు మొదలైన సమయాన్ని, రోగి వాడే మాత్రల పేర్లను ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు అవే.